హాకీ ఫార్వర్డు తయారగుట
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన చెన్నపట్టణమున ఎగ్మూరులోని మేయర్ రాధాకృష్ణన్ స్టేడియము హాకీకి పేరుపొందినది. 2023లో ఏషియన్ చాంపియన్స్ ట్రోఫీ అక్కడనే జరిగినది. 2025లో జూనియర్ ప్రపంచ కప్పునకు చెన్నై, మధురై నగరములు రెండును వేదికలైనవి. ఆ పోటీలు చూచివచ్చిన మన పిల్లలు కొందరు హాకీ కర్ర చేపట్టిరి. సంతోషమే. కాని పదవ తరగతి రాగానే ఆ కర్ర అటకెక్కుచున్నది. ఎక్కించుచున్నవారము మనమే. ఆ విషయమై కొంచెము మనవి చేయదలచితిమి.

ఫార్వర్డనగా గోలు కొట్టువాడని మాత్రమే మనము తలచుచుందుము. గోలు ముందటి వలయములో దాడిచేయువాని కర్ర తగిలిన బంతికే గోలు లెక్క. కనుక అందులోనికి చొరబడుట అతని మొదటి విద్య. చుట్టును ఎదుటివారు మూగియుండగా క్షణములో బంతిని నిలిపి, త్రిప్పి, కొట్టవలెను. దారి దొరకనిచో పెనాల్టీ కార్నరైనను సంపాదింపవలెను. బంతి ఎదుటివారికి చిక్కెనా, మరుక్షణమే వారిని అడ్డగింపవలెను. ఆట 15 నిమిషముల చొప్పున 4 భాగములు. ఆటగాండ్రను ఎన్నిమారులైనను మార్చుకొనవచ్చును గనుక, మైదానములో నున్నంతసేపు ఫార్వర్డు పూర్తి వేగముతో పరుగెత్తవలసినదే. 1976 మాంట్రియల్ ఒలింపిక్సులో కృత్రిమపు పచ్చిక వచ్చినది మొదలు వేగము మరింత హెచ్చినది. మట్టినేలపై ఆరితేరిన బాలుడును దానిపై తిరిగి నేర్చుకొనవలసినదే. ఇది ఒక యేటిలో వచ్చు విద్య కాదు.

హైదరాబాదున 1970లో పుట్టిన మన ముకేశ్ కుమార్‌ను చూడుడు. ఫార్వర్డుగా 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్సులు ఆడెను. 1995లో అర్జున అవార్డును, 2003లో పద్మశ్రీని పొందెను. తొలి ఒలింపిక్సు నాటికి అతనికి 22 ఏండ్లు. ఇండియన్ ఎయిర్‌లైన్సు కొలువు అతనికి జీవనాధారమైనది. మన రాష్ట్రములోనే అరియలూరు యువకుడు కార్తి సెల్వం కోవిల్‌పట్టి శిక్షణకేంద్రమున తయారై, 2022 ఆసియా కప్పులో పాకిస్తానుపై గోలు సాధించెను. ఇట్టివారి వెనుక ప్రతిభతోపాటు తిండి, వసతి, గురువు, కొలువు చూపిన చేయి ఒకటి ఉండెను.

కెనడా, అమెరికాలలో మంచు హాకీ జట్లు 18 ఏండ్ల కుఱ్ఱవానిని ఎంచుకొనియు, పెక్కుమారులు వెంటనే ఆడింపవు. చిన్న జట్లలో కొన్నేండ్లు ఆడించి, కండ పట్టిన పిమ్మట పిలుచుకొనును. మనము వర్తకులము. కొత్త బజారులో అంగడి తెరచిన తొలియేటనే లాభము అడుగుదుమా? పిల్లవాని విషయమున మాత్రము ఆ ఓర్పు ఏల చూపము?

తల్లిదండ్రుల భయమును మేమెరుగుదుము. మోకాలు దెబ్బతినిన యేమి గతి? ఎన్నికలో పేరు రానిచో? ఆ భయము న్యాయమైనదే. హాకీ ఇండియా లీగు 2017 తరువాత నిలిచిపోయి, 2024 డిసెంబరులో గాని తిరిగి మొదలు కాలేదు. వృత్తి ఆటను నమ్ముకొన్నవారికి నడుమ ఏడేండ్లు గడ్డుకాలమే. కావున చదువు విడువరాదు. క్రీడాకారులకు రైల్వేలలోను, బ్యాంకులలోను కొలువులున్నవి. అందులకును చదువు తోడుండవలెను.

కావున సంఘము ముందు మూడు కోరికలు ఉంచుచున్నాము. పండ్రెండవ తరగతి ముగియువరకు ఏ పిల్లను గాని పిల్లవానిని గాని మైదానమునుండి మరలింపకుందము. ఆటవలన పోయిన పాఠములను మనలోని పట్టభద్రులు సాయంకాలములందు చెప్పవలెను. కర్ర, బూట్లు, కాళ్ళ కవచములు కొనలేని ఇంటికి అంగళ్ళవారము తలా కొంచెము వేసికొని కొనిపెట్టుదము.

ఇది మనకు కొత్త ధర్మము కాదు. 1888లో ఈ నగరముననే మన తెలుగువాడు బుచ్చిబాబు నాయుడు భారతీయ యువకులు క్రికెట్టు ఆడుటకై మద్రాస్ యునైటెడ్ క్లబ్బును స్థాపించెను. ఆయన చేసినదానిలో పదవవంతు చేసినను మన పిల్లలకు చాలును. వచ్చే సమావేశమునకు ముందే తమ అభిప్రాయములను సంఘమునకు తెలుపగోరుచున్నాము.

సెలవు.