సముద్రము మీద ఒక దినము



పోయిన మాఘమాసములో మన పేటల నుండి ఇరువది ముగ్గురము ఘారాపురి, అనగా ఎలిఫెంటా ద్వీపము, చూచి వచ్చినాము. ఆ ముచ్చట చెప్పుమని సంఘము వారు మమ్ము కోరినారు.

షోలాపురములో మనకు తెలిసిన పెద్ద నీరు సిద్ధేశ్వరుని చెరువే గదా! రాత్రి సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారి ముంబయిలో దిగి, గేట్‌వే ఆఫ్ ఇండియా వద్ద లాంచీ ఎక్కినాము. ద్వీపము సుమారు 10 కిలోమీటర్లు, గంట ప్రయాణము. సోమవారము గుహలు మూసియుందురు; పోదలచినవారు గుర్తుంచుకొనవలెను.

లాంచీవాడు అందరికీ లైఫ్ జాకెట్లు ఇచ్చినాడు. 2024 డిసెంబరు 18న ఇదే దారిలో నౌకాదళపు వేగపు పడవ తగిలి ప్రయాణీకుల పడవ మునిగి 15 మంది పోయినారు. అయినను మాతో వచ్చిన తాత, నలుబది ఏండ్లు సాంచెల మీద పనిచేసినవాడు, "ఈ వయసుల నాకెందుకు బిడ్డా, ఉక్కపోస్తది" అన్నాడు. వెంటనే మనుమరాలు తనదీ విప్పబోయినది. "తాత ఏసుకుంటేనే నేనేసుకుంట" అన్నది. తాత మారుమాట లేక కట్టుకున్నాడు. మేమును అప్పటిదాకా ఒళ్లోనే పెట్టుకొని కూర్చున్నాము. సిగ్గుపడి మేమూ కట్టుకున్నాము.

దిగిన తరువాత నూటికి పైగా మెట్లెక్కవలెను. గుహలో మూడు ముఖముల సదాశివుడు సుమారు 6 మీటర్ల ఎత్తు. అందరము చేతులు జోడించితే, తాత మాత్రము కిరీటపు నగిషీ చూచుచు, "ఎక్కడన్న ఒక్క పోగు తప్పిందా చూడుండ్రి" అన్నాడు. రాతిలోనూ ఆయనకు నేతపనే కనబడినది!

2018 వరకు ఆ ద్వీపపు ఊళ్లకు ఒడ్డు నుండి కరెంటు లేదు. సముద్రము అడుగున తీగ వేసి తెచ్చినారు. అది విని ఒక వదినె, "కరెంటు పోతే మనకు ఒక్క పూటకే కూలి పోతది, వీండ్లెట్ల బతికిండ్రో" అన్నది.

ఇక అసలు మాట. మాతో రావలసిన అయిదుగురు అక్కలు చివరి దినమున మానుకున్నారు. టికెట్టు ఖర్చుకు భయపడి కాదు. రెండు దినములు బీడీలు చుట్టకపోతే రెండు దినముల కూలి లేదు. మా రైలు కొలువుకు సెలవున్నది, వారి చేతులకు లేదు. కావున ఈ దినము నుండి నెలనెలా తలా కొంత ఒక డబ్బాలో వేద్దాము. వచ్చే యాత్రకు వారి టికెట్టుతో పాటు ఆ రెండు దినముల కూలి కూడ అందులో నుండే ఇద్దాము. మొదటి పైకము మేము ఇప్పుడే వేయుచున్నాము.

అందరికీ శుభమగుగాక. సెలవు.