లాభం ఎంతో కాదు, లోటు ఎంత లోతో చూద్దాం
(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక పొదుపు సంఘం సభ్యులు చేసిన ప్రసంగ పాఠం)



పాడి గురించి, కుట్టు మిషన్ల గురించి ఈ సభలో చాలాసార్లు విన్నాం. ఈసారి మమ్మల్ని కరెంటు వైరింగ్ కాంట్రాక్టు లెక్కల గురించి చెప్పమన్నారు. మా సంఘంలో పదిమందిమి ఉంటే నలుగురి ఇళ్లలో అదే పని. పైపులు వేసేది, వైరు లాగేది మా ఇళ్లలో మగవాళ్లే. కానీ అంచనా కాగితం రాసేది, షాపు బాకీ చూసేది, శనివారం కూలి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేది మేము. పెట్టుబడి తెచ్చేది సంఘం నుంచి. అందుకని అది ఒక ఇంటి వ్యాపారం కాదు, పదిమంది సంతకాలున్న వ్యాపారం. ఒక కిస్తీ ఆగితే పదిమందికీ తర్వాతి లింకేజీ ఆగుతుంది.

మేము చెప్పదలచింది ఒక్కటే మాట. కాంట్రాక్టు పనికి అప్పు ఇచ్చేటప్పుడు "ఎంత మిగులుతుంది?" అని అడగడం చాలదు. "మధ్యలో ఎంత లోటు పడుతుంది, ఎన్ని రోజులు?" అని అడగాలి. ఎందుకో ఒక లెక్క వేసి చూపిస్తాం. ఈ అంకెలు నమూనాకే. మీ ఊళ్లో రేట్లు వేరే ఉండొచ్చు, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

ఒక ఇంటి వైరింగు సామానుతో సహా 2,00,000 రూపాయలకు ఒప్పుకున్నాం అనుకోండి. సామానుకి 1,20,000. కూలికి 50,000. ఆటో బాడుగ, టీలు, చిల్లర ఖర్చులకి 8,000. మొత్తం ఖర్చు 1,78,000. మిగిలేది 22,000. ఇక్కడ కూలి అంటే బయటివాళ్ల కూలే కాదు, ఇంటాయన రోజు కూలి కూడా అందులో రాయాలి. అది రాయకుండా మిగిలినదంతా లాభం అనుకుంటే, కూలినే లాభం అని పిలుస్తున్నట్టు.

ఆ 22,000 కూడా పూర్తిగా మనది కాదు. డ్రిల్లు మిషను అరుగుతుంది, బండికి పెట్రోలు కావాలి, లైసెన్సు రెన్యువల్ ఉంటుంది, ఫోను ఉంటుంది. ఏడాదికి ఇవన్నీ 54,000 అయితే, ఏడాదికి 9 ఇళ్లు చేస్తే, ఒక్కో ఇంటి మీద 6,000 పడుతుంది. అంటే నిజంగా మిగిలేది 16,000. నూటికి ఎనిమిది.

ఇప్పుడు డబ్బు వచ్చే వరస చూద్దాం. అడ్వాన్సు 20,000. పైపులు, గోడ బాక్సులు అయ్యాక 60,000. వైరు లాగాక 70,000. స్విచ్చులు బిగించాక 40,000. గృహప్రవేశం అయ్యాక 10,000.

డబ్బు పోయే వరస వేరు. పైపుల పనికి సామాను 25,000, కూలి 18,000, చిల్లర 3,000, మొత్తం 46,000. చేతిలో ఉన్నది 20,000. అంటే 26,000 మనం పెట్టాలి. తర్వాత 60,000 వస్తే చేతిలో 34,000 ఉంటుంది. వైరు దగ్గర అసలు బరువు పడుతుంది. వైరుకి 65,000, కూలి 16,000, చిల్లర 2,000; మొత్తం 83,000. చేతిలో ఉన్న 34,000 పోను 49,000 లోటు. వైరు లాగాక 70,000 వస్తే 21,000 చేతికి. స్విచ్చులు, డీబీ బాక్సు, ఎంసీబీలు 30,000, కూలి 16,000, చిల్లర 3,000. మళ్లీ 28,000 లోటు. 40,000 వచ్చాక 12,000. చివరి 10,000 కూడా వస్తేనే 22,000.

గమనించారా అక్కా? 22,000 మిగలాలంటే మధ్యలో 49,000 మన జేబులోంచి పెట్టాలి. రెండు ఇళ్లు ఒకేసారి వైరు దశకి వస్తే 98,000. పని పెరిగితే డబ్బు పెరుగుతుంది అనుకుంటాం. ఈ వ్యాపారంలో పని పెరిగితే ముందు లోటు పెరుగుతుంది. చేతినిండా పనులుండి కూడా కాంట్రాక్టర్లు ఇబ్బంది పడేది అందుకే.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. పైపుల బిల్లు వచ్చాక చేతిలో ఉన్న 34,000 చూడండి. స్లాబులో పైపు వేసింది ఒకప్పుడు. గోడలు లేచి, ప్లాస్టరింగ్ అయ్యాక గానీ వైరు లాగరు. ఆ మధ్యలో నెలలు గడుస్తాయి. ఆ నెలల్లోనే బడి ఫీజులు వస్తాయి, చుట్టాల ఇంట్లో పెళ్లి వస్తుంది. చేతిలో ఉన్న డబ్బు లాభంలా కనిపిస్తుంది. అది లాభం కాదు, రేపు కొనాల్సిన వైరు. అందుకే మా నలుగురి ఇళ్లలో పని డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా పెట్టాం. ఇంటికి నెలకింత అని జీతంలా తీసుకుంటాం. మిగతాది ముట్టుకోం.

లోటు తగ్గించడానికి రేటు పెంచక్కర్లేదు, వరస మార్చితే చాలు. వైరు లాగాక 70,000 అనే బదులు, వైరు కొనే రోజున 50,000, లాగాక 20,000 అని రాసుకోవాలి. అదే ఇల్లు, అదే 2,00,000. కానీ వైరు దశలో 49,000 లోటు పోయి వెయ్యి రూపాయలు చేతిలోనే ఉంటాయి. మొత్తం పనిలో పెద్ద లోటు 28,000కి దిగుతుంది. ఇంటి యజమాని ఒప్పుకోకపోతే, "వైరు మీరే కొనండి, మేము కొలతలు రాసిస్తాం" అనొచ్చు. షాపులో మనకొచ్చే తగ్గింపు పోతుంది, కానీ అప్పు తప్పుతుంది.

రాగి ధర సంగతి కూడా చెప్పాలి. వైరు లోపల రాగి ఉంటుంది, దాని ధర ప్రపంచ మార్కెట్టుతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మనం అంచనా ఇచ్చిన రోజుకీ వైరు కొనే రోజుకీ మధ్య ధర నూటికి పది పెరిగితే, 65,000 మీద 6,500 పోతుంది. మనకి మిగిలే 16,000లో అది ఎంతో చూడండి. అందుకని అంచనా కాగితం మీద "ఈ రేటు 15 రోజుల వరకే" అని రాయాలి. పని మధ్యలో "ఇక్కడో ప్లగ్గు, అక్కడో ఫ్యాను పాయింటు" అని అడిగితే కాదనొద్దు. అదే రోజు డైరీలో రాసి, పాయింటు రేటు చెప్పి, సంతకం చేయించుకోవాలి.

అపార్టుమెంటు పనులకి లెక్క ఇంకో రకం. 10 లక్షల పని అనుకుందాం. బిల్డరు నూటికి 5 చొప్పున ఏడాది పాటు తన దగ్గర ఉంచుకుంటే 50,000 అక్కడే. టీడీఎస్ కింద నూటికి 1 కోస్తారు, అది 10,000. పాన్ కార్డు ఇవ్వకపోతే నూటికి 20 కోస్తారు. టీడీఎస్ పోయిన డబ్బు కాదు, రిటర్ను వేస్తే మనకి లెక్కలోకి వస్తుంది. కానీ అందాకా మన చేతిలో ఉండదు. 1,10,000 మిగులుతుందనుకున్న పనిలో 60,000 ఇతరుల దగ్గర ఉన్నట్టు.

జీఎస్టీ కూడా ముందే చూసుకోవాలి. ఏడాది బిల్లులు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2 లక్షల ఇళ్లు 10 చేసి పదకొండోది ఒప్పుకుంటే దాటినట్టే. అప్పుడు వైరింగ్ పనికి పన్ను నూటికి 18. పన్ను వేరుగా రాయకుండా అదే 2,00,000కి ఒప్పుకుంటే, అందులో పన్ను సుమారు 30,500. సామాను మీద మనం కట్టింది 18,300 దాకా తగ్గించుకోవచ్చు, అదీ షాపు నుంచి సరైన బిల్లు ఉంటేనే. మిగతా 12,200 మన 22,000లోంచే పోతుంది. చిన్న సేవల వాళ్లకి 50 లక్షల వరకు నూటికి 6 కట్టే పద్ధతి ఉంది, అందులో సామాను పన్ను తగ్గించుకోలేం. ఇంకో మాట, మామూలు పద్ధతిలో బిల్లు రాశామంటే, డబ్బు రాకపోయినా పన్ను కట్టాల్సిందే. కాబట్టి ఒప్పుకునే రోజునే "పన్ను అదనం" అని రాయాలి.

మా సంఘంలో ఒక చెల్లెలి ఇంట్లో జరిగింది చెప్తాం. ఒక బిల్డరు పని అంతా చేయించుకుని ఐదు నెలలు బిల్లు ఆపాడు. కూలివాళ్లు ఆగరు కదా, వాళ్లకీ శనివారం ఇల్లు గడవాలి. ఆ చెల్లెలు గొలుసు తాకట్టు పెట్టి కూలి ఇచ్చింది. ఆమె వాటా కిస్తీ మూడు నెలలు మేము తలా కొంచెం వేసి కట్టాం. ఆమె ఇంట్లో డైరీ ఉంది, ప్రతి దశకీ సైటు ఇంజనీరు సంతకం ఉంది. ఆ కాగితాలు పట్టుకుని మేము నలుగురం ఆమెతో కలిసి ఆఫీసుకి మూడుసార్లు వెళ్లాం. బిల్లు వచ్చింది, మాకు తిరిగి కట్టింది, గొలుసు విడిపించుకుంది. కానీ ఆ ఐదు నెలల్లో మంచి పనివాళ్లు ఇద్దరు వేరే మేస్త్రీ దగ్గరికి వెళ్లిపోయారు. వాళ్లు తిరిగి రాలేదు. ఆ నష్టం ఏ పుస్తకంలోనూ కనబడదు.

ఆ తర్వాత మా సంఘంలో కాంట్రాక్టు పనికి అప్పు ఇచ్చే పద్ధతి తీర్మానం రాసుకున్నాం. ఒకటి, అప్పు అడిగే సభ్యురాలు డబ్బు వచ్చే వరస, పోయే వరస ఒకే కాగితం మీద రాసి మీటింగులో చదవాలి. రెండు, అప్పు పెద్ద లోటు ఎంతో అంతే, కాంట్రాక్టు విలువ చూసి కాదు. మూడు, వైరు కోసం తీసుకున్నది వైరు బిల్లు రాగానే కట్టాలి, తర్వాతి దశకి మళ్లీ తీసుకోవచ్చు. నాలుగు, ఒకే యజమాని దగ్గర పాత బిల్లు రాకుండా కొత్త పనికి అప్పు లేదు.

ఈ పద్ధతికి అంతర్గత అప్పు బాగా సరిపోతుంది. 49,000 మూడు నెలలు బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తే 2,940. సంఘంలో రూపాయి వడ్డీకి అయితే 1,470, అదీ మన నిధికే చేరుతుంది. బ్యాంకు లింకేజీ క్యాష్ క్రెడిట్ రూపంలో ఉంటే, వాడుకున్న డబ్బుకీ వాడుకున్న రోజులకే వడ్డీ. నెలనెలా సమాన కిస్తీ కట్టే అప్పు ఈ పనికి కష్టం, ఎందుకంటే వైరింగ్ డబ్బు నెలనెలా రాదు, దశల వారీగా వస్తుంది. ఆ అప్పుతో డ్రిల్లు మిషనో, బండో కొనుక్కుంటే సరిపోతుంది.

అక్కలారా, మీ ఊళ్లో తాపీ పని, ప్లంబింగ్, పెయింటింగ్ కాంట్రాక్టులు చేసే ఇళ్లు ఉంటాయి. వాటికీ ఈ లెక్కే. ఈసారి మీటింగులో ఎవరైనా కాంట్రాక్టు అప్పు అడిగితే రెండు వరసలూ రాయించండి. రాయడం రాకపోతే పక్కన కూర్చుని రాసిపెట్టండి. అనుమానించడానికి కాదు, ఆమె గొలుసు ఆమె మెడలోనే ఉండడానికి.