ఎన్ని రాత్రులు వాగులో ఉంచాలి?

(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ప్రకృతితో మన అనుబంధం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అది పెద్ద విషయం. నేను ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను.

పోయిన ఎండాకాలం మా హాస్టల్లో పది రోజులు సమ్మర్ క్యాంప్ పెట్టాం. కంప్యూటర్, ఇంగ్లిష్, కరాటే, బొమ్మలు వేయడం నేర్పించాం. ఒక సాయంత్రం ఆరో తరగతి పాప నా దగ్గరికి వచ్చి, "మేడం, మీ చిన్నప్పుడు సమ్మర్ క్యాంప్ ఉండేదా?" అని అడిగింది.

ఉండేది అన్నాను. నిజంగానే ఉండేది.

1980ల చివర్లో మాట. ఏప్రిల్ నెలాఖరుకు బడికి సెలవులిచ్చేవారు. నాన్న వచ్చి హాస్టల్ నుంచి తీసుకెళ్లేవాడు. రెండు రోజులు ఇంట్లో ఉన్నామో లేదో, సామాను మూటగట్టుకుని కిన్నెరసాని వైపు అడవిలోకి వెళ్లేవాళ్లం. వాగు పక్కన నాలుగు గుంజలు పాతి, పైన ఆకులు కప్పితే అదే మా పందిరి. అవ్వ, అమ్మ, నాన్న, మా పెద్దమ్మ వాళ్లు, పిల్లలం అందరం అక్కడే. అదీ మా క్యాంప్.

దానికి టైమ్‌టేబుల్ కూడా ఉండేది. తెల్లవారక ముందే లేచి ఇప్పచెట్ల కిందికి వెళ్లాలి. అప్పటికి పూలు చివరి దశలో ఉండేవి. చెట్టుకింద ఆకులకు నిప్పు పెట్టి శుభ్రం చేసేవాళ్లూ ఉండేవారు. మా అవ్వ ఒప్పుకునేది కాదు, చీపురుతో ఊడ్చేది. నిప్పు అడవిలోకి పాకుతుందని ఆమె భయం. ఎండెక్కక ముందే తునికాకు కోతకు వెళ్లాలి. మధ్యాహ్నం పందిరి కింద కూర్చుని యాభై ఆకులకు ఒక కట్ట కట్టాలి. సాయంత్రం కల్లానికి మోయాలి. మధ్యలో పాలపండ్లు, మొర్రిపండ్లు, తునికి పండ్లు. ఎవరు ఏ చెట్టు కింద ఆగిపోయారో మూతులు చూస్తే తెలిసేది.

అంతా బాగుండేదని నేను చెప్పను. ఆకు కోసి కోసి వేళ్లు నల్లబడేవి. వాగు ఎండితే ఇసుకలో చెలమ తవ్వి, నీళ్లు ఊరే దాకా కూర్చోవాలి. ఇప్పపూలంటే ఎలుగుబంటికీ ఇష్టమే, అందుకే చీకట్లో అరుచుకుంటూ వెళ్లేవాళ్లం. కల్లం దగ్గర కట్ట చిన్నగా ఉందని పక్కకు పడేస్తే ఆ పూట కష్టం పోయినట్టే. అది పిక్నిక్ కాదు, మా ఇంటి సంపాదన. కానీ ఆ పనిలోనే నాకు అడవి తెలిసింది. పుస్తకం లేకుండా, పరీక్ష లేకుండా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ రోజుల్లో అవ్వ గడ్డలు తవ్వేది. వాటిలో ఒకటి చేదు గడ్డ. విషం ఉంటుంది. ఎండాకాలంలో ఆ తీగకు ఆకు ఉండదు. ఎండిన తీగను, దాని మీది ముళ్లను చూసి అవ్వ గుర్తుపట్టేది. తవ్వి, ఉడికించి, పలచగా ముక్కలు కోసి, గంపలో పెట్టి పారే నీళ్లలో ఉంచేది. విషం పోయాకే మాకు పెట్టేది. గింజలు అయిపోయిన రోజుల్లో ఆ గడ్డే మా కడుపు నింపింది.

ఆ పాపకు ఇదంతా చెబుతున్నాను. కళ్లు పెద్దవి చేసుకుని వింటోంది. "ఎన్ని రాత్రులు వాగులో ఉంచాలి మేడం?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

ఒక రాత్రా, మూడు రాత్రులా? నాకు తెలియదు. ఆ గంపను వాగు దాకా మోసింది నేనే. కానీ అవ్వను ఎప్పుడూ అడగలేదు. అంతకుముందే నాకు అడగడం మానేసే అలవాటైంది. హాస్టల్లో చేరిన కొత్తలో దాహమేసి "ఏరు" అన్నాను. మన కోయలో ఏరు అంటే నీళ్లు. అక్కడి వాళ్లు వాగుకు వెళతానంటున్నాననుకుని నవ్వారు. ఆ రోజు నుంచి మన మాట నోట్లోనే దాచుకున్నాను. తర్వాత టెన్త్, ఇంటర్, టీచర్ ట్రైనింగ్. సెలవులన్నీ కోచింగులకే పోయాయి. నేను ఉద్యోగంలో చేరేసరికి అవ్వ లేదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేశాను. "రేషన్ బియ్యం వచ్చాక ఆ గడ్డ జోలికి పోలేదు. మీ అవ్వకే తెలుసు" అంది. తర్వాత పెద్దమ్మకు చేశాను. ఆమె నవ్వింది. మన మాటలో ఆమె అన్నది తెలుగులో చెబుతున్నాను: "రాత్రులు లెక్కపెట్టడం కాదు బిడ్డా. వాగు ఎంత పారుతుంది, ముక్క ఎంత మందం ఉంది, అదంతా చూడాలి. ఫోన్లో చెప్తే వచ్చే పని కాదు. వాగు కాడికి రా, ముక్క చేతిలో పెట్టి చూపిస్తా."

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్క మాటలో ఉంది. అడవితో మళ్లీ కలవడమంటే కొండ ఎక్కి ఫొటో దిగి రావడం కాదు. తెలిసిన మనిషితో కలిసి అక్కడ ఒక పని చేయడం. సగం తెలిసిన పని ప్రమాదం కూడా. ఈ గడ్డ సంగతి విని ఎవరూ సొంతంగా ప్రయత్నించకండి, వీడియోలు చూసి అసలే వద్దు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు హక్కు ఇచ్చింది. పెద్దలు కొట్లాడితే వచ్చిన హక్కు అది. కానీ ఏ చెట్టుకు ఏ పేరో, ఎప్పుడు కోయాలో, ఎంత వదిలేయాలో తెలియని మనిషి ఆ హక్కును ఏం చేసుకుంటాడు?

చదువు మానండి అని నేను అనను. చదువు వల్లే ఈ మైకు ముందు నిలబడ్డాను. మిమ్మల్ని అడిగేది తక్కువే. ఈ వేసవిలో మీ ఊళ్లో అవ్వ, తాత, పెద్దమ్మ ఎవరున్నా సరే, వాళ్లతో ఒక్క వారం ఉండండి. వాళ్లు వెళ్లే చోటికి వెళ్లండి, వాళ్లు మోసేది మోయండి. పది చెట్ల పేర్లు మన మాటలో నేర్చుకుని రాసుకోండి. ఫోన్లో వాళ్ల గొంతు రికార్డు చేయండి, కానీ ముందు చేతులతో పని చేయండి. విజ్జె పండుంకు ఊళ్లో ఉండండి.

నేనూ వెళుతున్నాను. మే నెలలో పెద్దమ్మ దగ్గరికి. ఆమెకు మోకాళ్ల నొప్పులు, వాగు దాకా మెల్లగా నడవాలి. వచ్చే ఏడాదికి నడవగలదో లేదో తెలియదు. ఆ ఆరో తరగతి పాప వాళ్ల అమ్మతో మాట్లాడాను, వాళ్లిద్దరూ వస్తున్నారు. జూన్‌లో హాస్టల్ తెరిచేసరికి ఆ పాప ప్రశ్నకు జవాబు నా దగ్గర, ఆ పాప దగ్గర కూడా ఉండాలి.

మీ అవ్వను మీరేం అడగాలో ఇవాళే ఆలోచించుకోండి. సెలవు. జై ఆదివాసీ.