మారుతి కారుకు బీమా ఎంత?



హోసూరులో మా వీధిలో రెండు మారుతి వ్యాగన్ ఆర్ కార్లున్నాయి. రెండూ తెల్లవే, రెండూ ఒకే ఏడాది కొన్నవే. పండుగనాడు పసుపు కుంకుమ పెట్టి పక్కపక్కన నిలబెడితే ఏది ఎవరిదో ఇంట్లో పిల్లలు కూడా నంబరు చూసి చెప్పవలసిందే. కాని ఇన్సూరెన్సు కట్టేసరికి ఒకాయన కంటె ఇంకొకాయనకు రెండు వేల దాకా ఎక్కువైంది. ఎక్కువ కట్టినాయన రసీదు పట్టుకుని నా దగ్గరకు వచ్చి, "అన్నా, అదే కంపెనీ, అదే పేరు, అదే రంగు. ఏజెంటు నాకు టోపీ పెట్టినాడా?" అని అడిగారు.

నేను ముప్పై ఏళ్ళు మోటారు బీమా సర్వేయరుగా పనిచేసినవాణ్ణి. గుద్దుకున్న బండ్ల చుట్టూ తిరిగి నష్టం ఎంతో లెక్క కట్టడమే నా వృత్తి. అందుచేత ఇలాంటి రసీదులు మా ఇంటికి వస్తూనే ఉంటాయి. రెండు బండ్ల ఆర్.సి.లు తెప్పించి చూశాను. ఒకదాని ఇంజను 998 సి.సి., రెండోదాని ఇంజను 1197 సి.సి. వ్యాగన్ ఆర్ అనే ఒక్క పేరుమీదే ఈ రెండు ఇంజన్లూ వస్తాయి. ఏజెంటు తప్పేమీ లేదు. వెయ్యి సి.సి. అనే గీతకు ఒక బండి ఇవతల ఉంది, రెండోది అవతల ఉంది, అంతే.

ఆ గీత ఎవరు గీశారు? మీ రసీదులో రెండు భాగాలుంటాయి. మొదటిది థర్డ్ పార్టీ. మీ బండి వల్ల ఎదుటివాడికి ప్రాణహాని గాని, గాయం గాని, ఆస్తి నష్టం గాని కలిగితే వాడికి చెల్లించడానికి పెట్టిన బీమా ఇది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. 2019 సవరణ తరువాత మొదటిసారి పట్టుబడితే 2,000 రూపాయలు, మళ్ళీ పట్టుబడితే 4,000 జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. దీని రేటు ఏ కంపెనీ చేతిలోనూ లేదు. 2022 జూన్ 1 నుంచి అమలుకు వచ్చిన కేంద్ర ప్రభుత్వ పట్టికలో సొంత కార్లకు వెయ్యి సి.సి. లోపు 2,094 రూపాయలు, వెయ్యి నుంచి 1500 దాకా 3,416, ఆ పైన 7,897 అని నిర్ణయించారు. బెంగుళూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, బరంపురంలో ఉన్నా, షోలాపూరులో ఉన్నా, యానాంలో ఉన్నా ఇదే రేటు. రోడ్డు పన్ను రాష్ట్రానికో రకంగా ఉంటుంది గనుక మన సరిహద్దు ఊళ్ళవాళ్ళకు బీమా కూడా అలాగే అనే భ్రమ ఉంది. థర్డ్ పార్టీకి సరిహద్దు లేదు. ఈ భాగంలో తగ్గించి ఇస్తానని ఎవరైనా అంటే, ఆ కాగితాన్ని నమ్మకండి.

2018 సెప్టెంబరు నుంచి, సుప్రీంకోర్టు ఆదేశం మీద, కొత్త కారుకు ఈ థర్డ్ పార్టీ మూడేళ్ళకు ఒకేసారి కట్టించుకుంటున్నారు. దానితో చాలామంది 'మూడేళ్ళకు ఇన్సూరెన్సు ఉంది' అనుకుని రెండో ఏడు ఊరుకుంటారు. ఉన్నది ఎదుటివాడికి, మీ బండికి కాదు.

ఇక రెండో భాగం మీ సొంత బండికి కలిగే నష్టానిది, ఓన్ డ్యామేజి అంటారు. బేరమంతా ఇక్కడే. ఒకప్పుడు బేరమనేదే లేదు. 1973లో జనరల్ ఇన్సూరెన్సు జాతీయమైన తరువాత నాలుగు ప్రభుత్వ కంపెనీలే ఉండేవి, నాలుగింటిదీ ఒకే రేటు. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డు మీదికి వచ్చినప్పుడు దాని ఖరీదు యాభై వేల లోపే. పాలసీ రాసే గుమాస్తా పట్టిక చూసి ఒక అంకె వేసేవాడు, మనం కట్టేవాళ్ళం. 2000 తరువాత ప్రైవేటు కంపెనీలు వచ్చాయి. 2007 జనవరి 1 నుంచి ఓన్ డ్యామేజి రేటు ఎవరిష్టం వారిదైంది. అయినా 2002 నాటి పాత పట్టికను ఆధారంగా పెట్టుకుని, దాని మీద ఇంత డిస్కౌంటు అని చెప్పే అలవాటు పోలేదు. కనుక ఆ పట్టికతోనే ఒక లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే తీసుకోండి.

వెయ్యి సి.సి. లోపు వ్యాగన్ ఆర్ ఒకటి ఉందనుకుందాం. ఆ మోడలు కొత్త బండి ధర ఆరు లక్షలనుకుందాం. మీ బండికి మూడేళ్ళు నిండి నాలుగో ఏడు నడుస్తోంది. మూడు నుంచి నాలుగేళ్ళ బండికి నూటికి నలభై తరుగు తీస్తారు. మిగిలేది 3,60,000. దీన్నే ఐ.డి.వి. అంటారు. బండి దొంగలెత్తుకుపోయినా, పూర్తిగా నుజ్జయిపోయినా మీకు వచ్చే సొమ్ముకు ఇదే లెక్క. హోసూరులో రిజిస్టరైన బండి బి జోను కిందికి వస్తుంది, దాని రేటు నూటికి 3.039. అంటే 10,940 రూపాయలు. బెంగుళూరు నంబరైతే ఏ జోను, 3.127 చొప్పున 11,257. అత్తిబెలె చెక్‌పోస్టు దాటితే తేడా 317 రూపాయలు మాత్రమే. దీనికోసం మేనమామ ఇంటి చిరునామా మీద బండి రిజిస్టరు చేయించేవాళ్ళను నేను చూశాను! మూడేళ్ళూ క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనసు నూటికి 35. హోసూరు బండికి మిగిలేది 7,111. థర్డ్ పార్టీ 2,094 కలపండి, నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. వేయండి. మొత్తం 10,862 రూపాయలు. ఇది డిస్కౌంటు లేని లెక్క, యజమాని ప్రమాద బీమా కలపని లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి జీవిత బీమాకు, ఆరోగ్య బీమాకు వ్యక్తులు కట్టే ప్రీమియం మీద జి.ఎస్.టి. తీసేశారు గదా, కారుకెందుకు వేశారని అడుగుతున్నారు. ఆ మినహాయింపు కారు బీమాకు లేదు.

మారుతి కారుకు బీమా చవక అనే మాట ఒకటి ఉంది. అందులో కొంత నిజముంది. బండి ధర తక్కువ గనుక ఐ.డి.వి. తక్కువ. ఇంజను చిన్నది గనుక థర్డ్ పార్టీ తక్కువ. విడిభాగాలు చిన్న ఊళ్ళో కూడా దొరుకుతాయి, చేయి తిరిగిన మెకానిక్కు ప్రతి సందులో ఉంటాడు, కాబట్టి మరమ్మతు ఖర్చు అదుపులో ఉంటుంది. అంతేగాని పేరుకు మర్యాద ఏమీ లేదు.

మరి ఏజెంటు ఫోను చేసి, "సార్, అందరికంటె రెండు వేలు తక్కువకు చేసి ఇస్తాను" అన్నప్పుడు ఏం జరుగుతుంది? ఒక్కొక్కప్పుడు అది నిజమైన డిస్కౌంటే. ఒక్కొక్కప్పుడు ఐ.డి.వి. తగ్గించేస్తాడు. మన లెక్కలోనే 3,60,000 ఉండవలసిన చోట 2,60,000 వేస్తే, ప్రీమియం పన్నుతో కలిపి 2,330 రూపాయలు తగ్గుతుంది. బండి పోయిన రోజున లక్ష రూపాయలు తగ్గుతుంది. ఇంతకంటె లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. మరమ్మతు ఖర్చు ఐ.డి.వి.లో నూటికి 75 దాటితే బండి పనికిరానిదని లెక్క తేల్చేస్తారు. రెండు లక్షల మరమ్మతు వచ్చిందనుకోండి. 3,60,000 ఐ.డి.వి. ఉంటే ఆ బండిని బాగుచేస్తారు. 2,60,000 ఉంటే హద్దు 1,95,000 దగ్గరే ఆగిపోతుంది. లక్షణంగా బాగయ్యే బండి తుక్కు కిందికి పోతుంది. నా చేతులతో అలాంటి రిపోర్టులు రాశాను. యజమాని నా ముఖం వైపు చూస్తుంటే సంతకం పెట్టడం ఎంత కష్టమో!

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. వరుసకు నాకు అల్లుడయ్యే కుర్రవాడు బాగలూరు వైపు టొమాటో వ్యాపారం చేస్తాడు. తల్లిని నెలకొకసారి బెంగుళూరు ఆసుపత్రికి తీసుకుపోవాలి. బస్సులో ఆమె కూర్చోలేకపోతున్నదని, అప్పుచేసి బెంగుళూరులో ఒకరి దగ్గర నాలుగో ఏట ఉన్న వ్యాగన్ ఆర్ కొన్నాడు. దాని పాలసీ ఇంకా ఎనిమిది నెలలుంది. "ఇన్సూరెన్సు కూడా బండితోనే వచ్చింది మామా" అని సంతోషంగా చెప్పాడు. నేను ఏదో పెళ్ళి హడావిడిలో ఉండి, "ఆర్.సి. మార్పించుకో" అని ఊరుకున్నాను. ఆర్.సి. మార్పించుకున్నాడు. పాలసీ మార్పించుకోలేదు. ఆ రెండో మాట నేనూ చెప్పలేదు.

మూడో నెలలో కృష్ణగిరి రోడ్డు మీద, శూలగిరి దగ్గర, ముందు పోయే లారీ బ్రేకు వేసింది. వీడు తప్పించబోయి పక్కన వస్తున్న మోటారు సైకిలును తాకి, లారీ వెనుక గుద్దాడు. దేవుడి దయవల్ల ప్రాణాలు పోలేదు. మోటారు సైకిలు మీదున్న అబ్బాయికి కాలు విరిగింది. కారు మరమ్మతుకు షెడ్డువాళ్ళు 1,80,000 అన్నారు. ట్రిబ్యునల్లో తేలిన పరిహారం ఆ అబ్బాయికి బీమా కంపెనీయే కట్టింది. కారుకు మాత్రం పైసా రాలేదు. మా అల్లుడు వచ్చి, "మామా, అదే పాలసీ గదా. వానికి ఇచ్చినారు, నాకెందుకు ఇయ్యరు?" అని కూర్చున్నాడు.

చట్టం అలాగే ఉంది. 157వ సెక్షను ప్రకారం బండి చేతులు మారితే థర్డ్ పార్టీ రక్షణ దానంతటదే కొన్నవాడికి మారినట్టు లెక్క. దారినపోయే మనిషి నష్టపోకూడదు గదా! సొంత బండి నష్టానికి అది వర్తించదు. అది కంపెనీకీ, పాలసీలో పేరున్న మనిషికీ మధ్య ఒప్పందం. ఈ సంగతి సుప్రీంకోర్టు 1995లోనే తేల్చి చెప్పింది. అమ్మినవాడి పేర పాలసీ ఉంది, బండి అతనిది కాదు. కొన్నవాడిది బండి, పాలసీలో పేరు లేదు. కొన్న పద్నాలుగు రోజుల్లోగా కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత పట్టికలో పేరు మార్పు రుసుము 50 రూపాయలు. దానితోపాటు అమ్మినాయన బోనసు కూడా కట్టెయ్యాలి, ఎందుకంటే ఆ బోనసు బండిది కాదు, మనిషిది. ఆయన దాన్ని తన తరువాతి కారుకు పట్టుకుపోతాడు. 35 శాతం మీద మిగిలిన ఎనిమిది నెలలకు లెక్క వేస్తే 2,627 రూపాయలు, పైన పన్ను. అంటే మూడు వేల రెండు వందల లోపు ఖర్చుతో తీరిపోయే పని. మా వాడు బండిని సగం బాగుచేయించి, సగం అలాగే వదిలి, మళ్ళీ తల్లిని బస్సులోనే తీసుకుపోయాడు చాలా నెలలు.

బోనసు గురించి ఇంకొక్క మాట. పాలసీ గడువు తీరి తొంభై రోజులు దాటితే అది పోతుంది. యాభై శాతం దాకా కూడబెట్టుకున్న బోనసును 'వచ్చే నెల చూద్దాంలే' అని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. క్లెయిము తీసుకుని కూడా లేదని రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. పాత కంపెనీని అడిగితే ఆ సంగతి బయటపడుతుంది, సరిగ్గా మీకు డబ్బు అవసరమైన రోజునే బయటపడుతుంది. చిన్న గీతకు, వెయ్యి రెండు వేల పనికి క్లెయిము వేయకుండా ఉంటేనే లాభం. ఎలాగూ మొదటి వెయ్యి రూపాయలు మీరే పెట్టుకోవాలి, పోయే బోనసు దానికంటె ఎక్కువ.

తరుగు సంగతి చాలామందికి షెడ్డులోనే తెలుస్తుంది. బంపరు వంటి ప్లాస్టిక్కు సామానుకు, రబ్బరుకు, టైర్లకు, బ్యాటరీకి సగమే ఇస్తారు. అద్దానికి పూర్తిగా ఇస్తారు. ఇనుప సామానుకు బండి వయసును బట్టి కోత. ఇప్పటి కార్ల ముందు భాగంలో ప్లాస్టిక్కు ఎక్కువ గనుక, బండి కొత్తగా ఉన్నన్నాళ్ళు తరుగు లేని అదనపు రక్షణ తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. పదేళ్ళు దాటిన ఆల్టోకు మాత్రం ఇంత హంగు అక్కర్లేదు. థర్డ్ పార్టీ కట్టి, యజమాని పేర పదిహేను లక్షల ప్రమాద బీమా ఉంచుకుంటే చాలు. అయిదేళ్ళు దాటిన బండి విలువ ఎలాగూ మీరూ కంపెనీ మాట్లాడుకుని వేసుకునేదే.

అయితే ఊరిని బట్టి ఆలోచించండి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పటి గాలిని బరంపురం శ్రోతలు మరిచిపోయి ఉండరు. తుఫానులో చెట్టు విరిగి బండి మీద పడితే ఓన్ డ్యామేజి ఉన్నవాడికే డబ్బు వస్తుంది. 2022 సెప్టెంబరులో బెంగుళూరు బెళ్ళందూరు వైపు కార్లు నీళ్ళలో తేలాయి. నీళ్ళు తగిలిన బండిని స్టార్టు చేయకండి. చేస్తే ఇంజను లోపలికి నీరు లాక్కుని పాడవుతుంది, ఆ నష్టం మామూలు పాలసీలో రాదు.

కంపెనీ క్లెయిము కాదన్నా, కోత పెట్టినా ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది నచ్చకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. హోసూరు వైపువాళ్ళకు చెన్నై కార్యాలయం, కర్ణాటక వారికి బెంగుళూరు, ఒడిశా వారికి భువనేశ్వరం. యానాం వారు మాత్రం పుదుచ్చేరి ప్రాంతమైనా హైదరాబాదుకే రాయాలి. మా అల్లుడి వంటి కేసు అక్కడికి పోయినా నిలవదు, పేరే లేదు గనుక. ఈ రాత్రికి మీ ఆర్.సి., మీ పాలసీ పక్కపక్కన పెట్టుకుని, రెండింటి మీదా ఒకే పేరు, ఒకే ఇంజను నంబరు ఉన్నాయేమో చూసుకోండి. సెలవు.