పాలలోని నూగు, పట్టీమీది ఎర్ర గీత
(సంఘ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



తోడు వేస్తే పాలు తోడుకుంటాయని అందరికీ తెలుసు. అంతవరకు అవి విరగకుండా ఎందుకు నిలుస్తాయి? పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు అతి సన్నని గుండ్లుగా ఉంటుంది. ఒక్కొక్కటి అడ్డంగా సుమారు 100 నుంచి 200 నానోమీటర్లు. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు ఒక నానోమీటరు. ఆ గుండ్లమీద కప్పా కేసీన్ పోగులు నూగులా నిలిచి, ఒకదానినొకటి అంటుకోనివ్వవు. పులుపు పెరిగితే నూగు వాలిపోతుంది, గుండ్లు కలిసి పెరుగవుతుంది. చీజ్ తయారీలో రెన్నెట్ ఈ నూగునే కత్తిరిస్తుంది.

ఇటువంటి నూగును శాస్త్రజ్ఞులు గాజుపలకమీద పెంచుతున్నారు. పాలిమర్ పోగుల ఒక కొనను పలకకు అంటించి, రెండవ కొనను వదిలివేస్తారు. మడిలో నారు ఒత్తుగా నిలిచినట్లే. చుట్టూ ఉన్న ద్రవాన్నిబట్టి పోగులు నిక్కుతాయి, లేదా ముడుచుకుంటాయి. వాటి నడుమ బంగారపు నానోరేణువులను నిలుపుతారు. అంత సన్నని బంగారం పసుపుగా కాక ఎర్రగా కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే ఈ ఎర్ర బంగారాన్ని లండన్‌లో వివరించాడు. రేణువులు ఎడంగా ఉంటే ఎరుపు, బాగా దగ్గరపడితే నీలం వైపు తిరుగుతుంది. పొర ముడుచుకున్న సంగతి రంగే చెబుతుంది.

ఇందులో మనకేమి పని అంటారా? పాలలో యాంటీబయాటిక్ మందును పట్టే పరీక్ష పట్టీలలో చాలావాటిలో ఉన్నది ఈ ఎర్ర బంగారమే. మందు లేకపోతే రేణువులు పరీక్ష గీతవద్ద చేరి ఎర్రగా కనిపిస్తాయి. మందు ఉంటే అది ముందుగానే రేణువులను ఆక్రమిస్తుంది, గీత వెలిసిపోతుంది. కనుక పరీక్ష గీత రాలేదంటే పాలు మంచివని పొరపడరాదు. పట్టీ పనిచేసిందని తెలిపే గీత వేరుగా ఉంటుంది.

పెన్సిలిన్ జాతి మందు కొద్దిగా ఉన్నా తోడు సూక్ష్మజీవులు దెబ్బతింటాయి, పెరుగు సరిగా తోడుకోదు. పాలు కాచినా మందు పూర్తిగా పోదు. ఒక ఇంటి పాలు కేనులో కలిస్తే ఊరందరి పాలూ తిరస్కరణకు గురికావచ్చు.

అందుచేత పొదుగువాపుకు మందు వాడిన పశువుకు గుర్తు కట్టండి. దానిని చివర, వేరు పాత్రలోకి పితకండి. ఒక్క చన్నుకే మందు ఎక్కించినా నాలుగు చన్నుల పాలనూ పశువైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు సంఘానికి పోయవద్దు. సందేహముంటే కేనులో పోయకముందే కార్యదర్శికి చెప్పండి. పట్టీ తప్పును పట్టగలదు గాని, కలిసిన పాలను విడదీయలేదు.