హానిబాల్, దాని ఏడుగురు తోబుట్టువులు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సెక్రటరీ గారు "ఏదైనా ఎయిర్‌ఫోర్స్ సంగతి చెప్పండి, పది నిమిషాలే" అన్నారు. నేను ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టర్‌గా బతికినవాణ్ణి. యుద్ధం సంగతులు నాకన్నా బాగా చెప్పేవాళ్ళు ముందు వరుసలోనే ఉన్నారు. అందుకని ఒక పాత ప్రయాణికుల విమానం ప్రమాదాల చిట్టా పట్టుకొచ్చాను.

హ్యాండ్లీ పేజ్ హెచ్.పి. 42. రెండు వరుసల రెక్కలు, నాలుగు ఇంజన్లు. పై రెక్క మీద రెండు, కింది రెక్క మీద రెండు. 1930 నవంబరులో మొదటిసారి ఎగిరింది. మొత్తం చేసింది ఎనిమిదే. ఇంపీరియల్ ఎయిర్‌వేస్ వాళ్ళు అన్నిటికీ 'హ' అక్షరంతో పేర్లు పెట్టారు. ఐరోపా రూట్‌కు హెరాక్లిస్, హొరేషియస్, హెంజిస్ట్, హెలెనా. కైరో-కరాచీ రూట్‌కు హానిబాల్, హోర్సా, హానో, హేడ్రియన్. వేగం గంటకు వంద మైళ్ళు, అంతే. ఎదురుగాలిని ఫ్యాక్టరీలోనే బిగించి పంపారని ఆ రోజుల్లో నవ్వుకునేవారట.

నవ్వినా, ఒక సంగతి ఒప్పుకోవాలి. 1931లో సర్వీసు మొదలైనప్పటి నుంచి 1939లో యుద్ధం వచ్చేదాకా ఈ విమానాల్లో ఒక్క ప్రయాణికుడు కూడా ప్రాణం పోగొట్టుకోలేదు. ప్రమాదాలు లేక కాదు. 1931 ఆగస్టులో పారిస్ బయల్దేరిన హానిబాల్ కెంట్ జిల్లా ట్యూడ్లీ దగ్గర పొలంలో దిగాల్సి వచ్చింది. తోక దెబ్బతింది, మనుషులకేమీ కాలేదు. 1936లో హోర్సా రాత్రివేళ బహ్రెయిన్ కనబడక దాటిపోయి ఎడారిలో దిగింది. వెతకబోయిన విమానాలకు దొరికింది. అందరూ క్షేమం.

కారణం లెక్కలో ఉంది. రెక్కల వైశాల్యం దాదాపు 3,000 చదరపు అడుగులు. నిండా ఎక్కించినా బరువు సుమారు 28,000 పౌన్లు. అంటే చదరపు అడుగుకు పది పౌన్లు కూడా పడదు. యాభై మైళ్ళ వేగంతో నేలకు దిగేది. అంత నెమ్మదిగా దిగేదానికి పొలమైనా చాలు.

ఇప్పుడు అదే లెక్క నేల మీద చూడండి. యాభై మైళ్ళకు గాల్లో నిలబడగలిగిన విమానం, ఖాళీగా నిలబెట్టి ఉన్నప్పుడు అరవై మైళ్ళ ఈదురుగాలి వస్తే ఏం చేస్తుంది? పైలట్ లేకుండానే ఎగరబోతుంది. 1940 మార్చి 19న ఇంగ్లండులో విచ్‌చర్చ్ ఎయిర్‌ఫీల్డ్‌లో గాలివాన హానోను, హెరాక్లిస్‌ను ఎత్తి ఒకదాని మీదికి ఒకటి తోసింది. రెండూ పోయాయి. అదే ఏడు డిసెంబరులో డాంకాస్టర్ దగ్గర హేడ్రియన్ తాళ్ళు తెంచుకుని రైలు పట్టాల మీద తలకిందులుగా పడింది. హెంజిస్ట్ అంతకుముందే, 1937 మే నెలలో, కరాచీ హ్యాంగర్‌లో కాలిపోయింది. ఎనిమిదిలో సగం ఎగరకుండానే అయిపోయాయి.

ఇది చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది. నేను కార్పొరల్‌గా ఉన్నప్పుడు ఒక స్టేషన్‌లో, పేరు చెప్పను, ఎండాకాలం ఆదివారం సాయంత్రం. డిస్పర్సల్‌లో చిన్న ట్రైనర్ ఒకటి. తాళ్ళు కట్టాను, మేకులు సగమే దిగాయి. నేల రాయిలా ఉంది, పొద్దున మళ్ళీ కొడదాంలే అనుకున్నాను. ఏడింటికి దుమ్ము లేచింది. మేం పరుగెత్తేసరికి ఒక పక్క మేకు ఊడి, రెక్క లేచి, ప్రొపెల్లర్ నేలకు గుచ్చుకుంది. రాత్రంతా మా ఫ్లైట్ సార్జెంట్ నన్ను తిట్టలేదు. అది తిట్టడం కన్నా అన్యాయం! మర్నాడు ఆయనే నా పక్కన కూర్చుని, జనపతాడు తడిస్తే బిగుసుకుంటుంది, అందుకని కాస్త వదులు ఉంచి కట్టాలి అని చేతికి తాడిచ్చి నేర్పాడు.

సరే, మిగిలిన వాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. యుద్ధం పనుల్లో హొరేషియస్ 1939 నవంబరులో ఒక గోల్ఫ్ మైదానంలో దిగబోయి పాడైంది. 1940 ఆగస్టులో హోర్సా అత్యవసరంగా దిగి కాలిపోయింది. హెలెనా గట్టిగా దిగి మళ్ళీ ఎగరలేదు. దాని ఒళ్ళును నేవీ వాళ్ళు ఆఫీసు గదిగా వాడుకున్నారట.

మిగిలింది హానిబాల్. 1940 మార్చి 1న జాస్క్ నుంచి షార్జా వైపు ఒమాన్ సింధుశాఖ మీదుగా వెళ్తూ మాయమైంది. అందులో ఎనిమిది మంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 23 విజయాలు సాధించిన పైలట్ హెరాల్డ్ విస్లర్ అందులో ఉన్నారు. మన మద్రాసు రాష్ట్రం నుంచి సర్ ఎ.టి. పన్నీర్‌సెల్వం ఉన్నారు. 1937లో మన కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి తాత్కాలిక మంత్రివర్గంలో మంత్రి. ఇండియా సెక్రటరీకి సలహాదారుగా లండన్ వెళ్తున్నారు.

ఇంజన్లు ఆగాయా, ఇంధనం అయిపోయిందా, ఎవరూ తేల్చలేకపోయారు. పొలంలో దిగితే బతికించే విమానానికి ఆ రోజు కింద పొలం లేదు. మన ట్రేడ్‌లో పెద్దలకు తెలుసు, ముక్క దొరికితేనే కదా ఎంక్వైరీకి ఏదైనా చెప్పేది. విరిగిన బోల్టు ఒక్కటి చేతికొచ్చినా దాన్ని పట్టుకుని నెలలు కూర్చుంటాం. హానిబాల్‌ది ఒక్క ముక్క కూడా దొరకలేదు.

భోజనాల వేళయింది, సెక్రటరీ గారు గడియారం చూస్తున్నారు.  జై హింద్.