పెరట్లో నిలిచిన నీళ్ళు

(స్కాలర్‌షిప్పుల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది బి.కాం. 36 ఏళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. చదువుల గురించీ ఉద్యోగాల గురించీ చెప్పడానికి ఇక్కడ నాకన్నా తగినవారున్నారు. కార్యదర్శిగారు "ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు గనక దోమల గురించి చెబుతాను. కొందరు నవ్వుతున్నారు. పరవాలేదు. ఇందాకట్నుంచీ ఎంతమంది కాళ్ళు గోక్కుంటున్నారో ఇక్కణ్ణించి నాకు కనబడుతూనే ఉంది.

చెన్నైలో పెద్ద వానలు అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా ఉంటాయి. అర్ధ సంవత్సర పరీక్షలు డిసెంబరులో. డెంగ్యూ జ్వరాలు ఎక్కువగా వచ్చేదీ ఆ నెలల్లోనే. 2012లో తమిళనాడులో 12 వేలకు పైగా డెంగ్యూ కేసులు నమోదయ్యాయి. 2017లో 23 వేలు దాటాయి. ఆ రెండేళ్ళలోనూ ఏడాదికి 60 మందికి పైగా చనిపోయారు.

2017లో అంబత్తూరులో మా వీధిలోనే ప్లస్ టూ చదివే కుర్రాడికి వచ్చింది. తల్లి నాలుగిళ్ళలో పనిచేస్తుంది. మూడు రోజులు కాలిపోయే జ్వరం. నాలుగో రోజు ఒళ్ళు చల్లబడింది. అమ్మయ్య అనుకుని ట్యూషనుకు పంపారు. సాయంత్రానికి కడుపు నొప్పి, వాంతులు, చేతులూ కాళ్ళూ మంచులా చల్లబడ్డాయి. ఆస్పత్రిలో ఎనిమిది రోజులున్నాడు. బతికాడు, ఇప్పుడు ఉద్యోగం కూడా చేసుకుంటున్నాడు. కానీ కాలేజీ ఫీజు కోసం ఆ తల్లి చీటీ కట్టి దాచిన సొమ్మంతా ఆ ఎనిమిది రోజుల్లో అయిపోయింది. ఆవిడ పనికి వెళ్ళని రోజుల జీతం పోయింది, రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు.

తల్లులు ఇది గుర్తుపెట్టుకోవాలి. డెంగ్యూలో జ్వరం తగ్గే సమయమే గండం. మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా కన్నేసి ఉంచాలి. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచో ముక్కు నుంచో రక్తం, మగత, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. జ్వరానికి పారాసెటమాల్ తప్ప మెడికల్ షాపులో అడిగి నొప్పుల మాత్రలు వేయకండి. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి. ప్రభుత్వం నేలవేము కషాయం పంచింది, నేనూ తాగాను. బొప్పాయి ఆకు రసం తాగేవాళ్ళూ ఉన్నారు. తాగితే తాగండి, డాక్టరు దగ్గరికి వెళ్ళడం మాత్రం మానకండి.

ఇక దోమ సంగతి. మన ఇళ్ళలో దోమ అంటే ఒకటే అనుకుంటాం. నిజానికి మనల్ని బాధించేవి మూడు రకాలు. మురుగునీళ్ళలో పెరిగేది క్యూలెక్స్. కూవం ఒడ్డునా బకింగ్‌హామ్ కాలువ పక్కనా రాత్రంతా నిద్రపోనివ్వనిది అదే. బోదకాలు తెచ్చేదీ అదే. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి పైన దోమతెర గుడ్డ కట్టండి, సగం పీడ వదులుతుంది. రెండోది అనాఫిలిస్. మలేరియా అంటే అడవి ప్రాంతాల జబ్బనుకుంటారు గాని, చెన్నై మలేరియా దోమ బావుల్లోనూ మిద్దె మీది వాటర్ ట్యాంకుల్లోనూ మంచినీళ్ళలో పెరుగుతుంది. మూత సరిగా పడని ట్యాంకు చాలు దానికి. బావి ఉన్నవాళ్ళు గంబూసియా చేపలు వేసుకుంటే లార్వాలను అవే తినేస్తాయి. చెరువుల్లో మాత్రం వదలకండి, అక్కడి చిన్న చేపలను బతకనివ్వవు.

మూడోది ఏడిస్. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. డెంగ్యూ, చికున్‌గున్యా రెండూ దీని పనే. చికున్‌గున్యా 1964లోనే మద్రాసుకు వచ్చింది. మళ్ళీ 2006లో వచ్చినప్పుడు మా బ్రాంచిలో సగం మంది గోడ పట్టుకుని నడిచారు, ఒకాయన నెల రోజులు సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకోలేకపోయాడు. ఈ దోమ పగలు కుడుతుంది. పొద్దున బడికి తయారయ్యే వేళ, సాయంత్రం చీకటి పడేముందు. అందుకే రాత్రి దోమతెర కట్టుకున్నా దీన్నుంచి రక్షణ లేదు. మురుగునీళ్ళు దీనికి నచ్చవు. మనింట్లో మనం పట్టి పెట్టుకున్న శుభ్రమైన నీళ్ళే కావాలి. పుట్టినచోటి నుంచి దూరం కూడా పోదు, మహా అయితే ఒకటి రెండు వందల మీటర్లు. మిమ్మల్ని కుట్టిన ఏడిస్ మీ ఇంట్లోదో పక్కింటిదో అయి ఉంటుంది.

కామర్సు పిల్లలకు ఒక లెక్క చెబుతాను. ఆడ దోమ ఒక విడతకు సుమారు 100 గుడ్లు పెడుతుంది. సగం ఆడవనుకుంటే 50. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు. ఆ 50 మళ్ళీ గుడ్లు పెడితే వచ్చే ఆడదోమలు 2,500. చాలావరకు మధ్యలోనే చచ్చిపోతాయి గనక లెక్క కాగితం మీదే నిజం, కానీ చక్రవడ్డీ ఎలా పెరుగుతుందో తెలుస్తుంది. అసలు ఎక్కడుంది? పూలకుండీ కింది పళ్ళెంలో ఉన్న గుక్కెడు నీళ్ళలో. ఏడు రోజులు నిండకముందే ఆ నీళ్ళు పారబోస్తే ఖాతా మూసేసినట్టే.

పారబోయడం ఒక్కటే చాలదు. ఏడిస్ గుడ్లు నీళ్ళలో పెట్టదు, నీటి అంచుకు పైన గిన్నె గోడకు అంటిస్తుంది. నల్లని గసగసాల్లా ఉంటాయి. నీళ్ళు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పిల్లలవుతాయి. కనక కొబ్బరి పీచు పెట్టి లోపలి గోడ గట్టిగా తోమాలి. ఈ మాట చాలామందికి తెలియదు. డ్రమ్ము కడిగామంటారు, తొలకరించి బోర్లిస్తారు, అంతే.

ఆంధ్రాలో మా చెల్లెలుండే ఊళ్ళో శుక్రవారం డ్రై డే అంటారు. మా ఇంట్లో ఆదివారం పొద్దున. మాది అర గ్రౌండు స్థలం, పది నిమిషాల్లో చుట్టి రావచ్చు. ఎక్కడెక్కడ చూడాలంటే, మిక్సీ వచ్చాక పెరట్లో పడేసిన రుబ్బురోలు, కొబ్బరి చిప్పలు, మెట్ల కింద పాత టైరు, బండి మీద కప్పిన పట్టా ముడతలు, ఆకులు పేరుకున్న సన్‌షేడు, ఏసీ నీళ్ళు పడే బకెట్టు, పక్షులకు పెట్టిన గిన్నె. ఇంటి లోపల ఫ్రిజ్ వెనక ట్రే ఎవరూ చూడరు. కిటికీలో మనీప్లాంటు సీసా కూడా. 2019 వేసవిలో నగరానికి నీళ్ళిచ్చే చెరువులు ఎండిపోయినప్పుడు అందరం నీలం డ్రమ్ములు కొన్నాం. నీళ్ళు వచ్చాక కూడా ఆ డ్రమ్ములు పెరట్లో అలాగే నోరు తెరుచుకుని ఉన్నాయి. వాడకపోతే బోర్లించండి, వాడితే పాత పంచె కట్టి మూత పెట్టండి.

ఈ పని కొత్తదేమీ కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్ పేరు మీరు చదివే ఉంటారు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అంతకు చాలా ముందు, 1883లో ఆయన బెంగుళూరులో ఉండగా తన బంగళాలో మిగతావాళ్ళకన్నా ఎక్కువ దోమలెందుకని వెదికాడు. కిటికీ బయట తొట్టిలో నీళ్ళు, నిండా లార్వాలు. తొట్టి బోర్లించాడు, దోమలు పోయాయి. అధికారుల భోజనశాలలో కూడా ఇలాగే చేద్దామంటే అక్కడి అధికారి ఒప్పుకోలేదట. దోమల్ని దేవుడు ఏదో పనికే సృష్టించాడు, భరించాలి అన్నాడట. అలాంటివారు మా వీధిలో ఇప్పటికీ ఇద్దరున్నారు.

మిగతావాళ్ళందరూ పొగ బండి ఎప్పుడొస్తుందని అడుగుతారు. పొగ ఎగిరే దోమను చంపుతుంది, నీళ్ళలో ఉన్నదాన్ని ముట్టుకోదు. ఏడిస్ మంచం కిందా తగిలించిన బట్టల వెనకా దాక్కుంటుంది, వీధిలో పొగ అక్కడికి చేరదు. తలుపులేసిన గదిలో రాత్రంతా కాయిల్ వెలిగించడం నాకు నచ్చదు, పిల్లల ఊపిరితిత్తులకు అది మంచిది కాదు. ఆ డబ్బు పెట్టి కిటికీలకు మెష్ కొట్టించుకోండి.

పక్కిల్లు మన చేతిలో లేదు కదా అంటారు. మా పక్కన ఒక ఇంటికి తాళం, పిల్లలు విదేశాల్లో ఉన్నారు. వానకు మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి. గొడవ పడి లాభం లేదు. ముందు వాళ్ళకు ఫోటో తీసి పంపాం. జవాబు రాలేదు. తరవాత కార్పొరేషన్ నంబరు 1913కి ఫోను చేసి, జోన్ ఆఫీసులో కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాం. ఆ అర్జీ తమిళంలో రాసింది మా వీధిలో తొమ్మిదో తరగతి పిల్ల. నిలవ నీటిని తొలగించమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం 1939 నాటి ప్రజారోగ్య చట్టంలోనే ఉంది. పది రోజుల్లో మనుషులొచ్చి మిద్దె ఊడ్చారు. నోటి మాటకు ఆఫీసులో విలువ లేదు, కాగితానికి ఉంది. కార్పొరేషన్ నుంచి తనిఖీకి వచ్చే ఆడవాళ్ళను కూడా గేటు దగ్గరే తిప్పి పంపకండి. ఎండలో ఇంటింటికీ తిరుగుతారు, లోపలికి రానిచ్చి గుక్కెడు మంచినీళ్ళివ్వండి.

కుక్కను పెంచేవాళ్ళకు ఒక మాట. మనం పిడుదు అంటాం, తమిళంలో ఉణ్ణి అంటారు. చెవుల్లోనూ కాలివేళ్ళ మధ్యా చూడండి. రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి గోడ పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే కుక్కకు మందు రాసినంత మాత్రాన పోదు, పగుళ్ళు సిమెంటుతో పూడ్చాలి, కుక్క పడుకునే గోనెపట్టా వేడినీళ్ళలో ఉతకాలి. మందు పశువుల డాక్టరునడిగి వాడండి. కుక్కకు వేసేది పిల్లికి వేస్తే కొన్ని మందులు ప్రాణం తీస్తాయి. కిరసనాయిలు పోయడం, అగరొత్తితో కాల్చడం వద్దు. చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగాలి, గోటితో నలపకూడదు. పెరట్లో గడ్డి మోకాలి ఎత్తు పెరగనివ్వకండి. గడ్డిలో ఉండే మరో సన్నపురుగు వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది, తమిళనాడులో అది తక్కువేమీ కాదు. జ్వరంతోపాటు ఒంటి మీద కాలిన మచ్చలాంటి నల్లని పొక్కు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. తొందరగా గుర్తిస్తే మామూలు మందుతోనే తగ్గుతుంది.

టిఫిను పెట్టిన బల్ల పక్కన ఒక సీసా, భూతద్దం ఉంచాను. మా వీధిలో ఒకరి రుబ్బురోట్లో పట్టుకొచ్చిన లార్వాలు అందులో ఉన్నాయి, మూత గట్టిగానే బిగించాను. తలకిందులుగా వేలాడుతుంటే ఏడిస్ గాని క్యూలెక్స్ గాని, నీటి మీద అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసి, ఏదో నాకు చెప్పండి.